నెగిటివ్ రైట్స్ రాసిచ్చిన సినిమాకు కొత్త గ్రాఫిక్స్: దావా నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్న 1987లో ఇల్లు తాకట్టు పెట్టి జానపద సినిమా తీశారు. 1996 జూన్‌లో నెగిటివ్ రైట్స్ (సినిమా మీది హక్కులు) ఒక సంస్థకు రాసిచ్చారు. ఆయన పోయాక ఆ సంస్థ నాగలోకం సీన్లకు కొత్త గ్రాఫిక్స్ కలిపి 4కెలో రీరిలీజ్ చేసింది. నాన్న చేయించిన పాము తీసేసి కంప్యూటర్ పామును పెట్టారు. చూసి ఏడుపొచ్చింది. ఇది జరిగి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఒప్పందం జిరాక్స్ ఉంది, అందులో గడువు లేదు. నాన్న సంతకంతో ఖాళీ స్టాంపు పేపర్లు ఉన్నాయి. వాటి మీద 'ఐదేళ్లకే' అని రాసుకోవచ్చా?

జవాబు: ఆ పేపర్ల జోలికి వెళ్లకండి. స్టాంపు పేపరు మీద అమ్మిన తేదీ, వరుస నంబరు, కొన్నవారి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టరు తెప్పిస్తే ఒక్క పూటలో బయటపడుతుంది. దావా పోతుంది, మీ మీద ఫోర్జరీ కేసు మిగులుతుంది. పైగా చట్టమే ఇచ్చిన ఐదేళ్లకు దొంగ కాగితం ఎందుకండీ?

మీ కేసంతా ఒప్పందం తేదీ మీదే ఉంది. కాపీరైట్ చట్టం 19(5) ప్రకారం గడువు రాయని బదలాయింపు ఐదేళ్లే చెల్లుతుంది. 1995 మే 10కి ముందు రాసిన ఒప్పందాలకు ఇది వర్తించదు. మీది 1996. అంటే వాళ్ల హక్కు 2001 జూన్‌తో తీరిపోయింది. 1987లో విడుదలైన సినిమా కాపీరైట్ 2047 డిసెంబరు 31 దాకా ఉంటుంది, నిర్మాత వారసులుగా అది మీకే చెందుతుంది. ప్రాంతం కూడా రాయకపోతే ఆ ఐదేళ్ల హక్కయినా ఇండియా వరకే, అమెరికా షోలకు రాదు.

అయితే జిరాక్స్ రెండు వైపులా, చివర జతచేసిన షెడ్యూలు (వివరాల పట్టిక)తో సహా చదవండి. అదే రోజు నెగిటివ్ ఉన్న ఫిల్మ్ ల్యాబ్‌కు ఇచ్చిన లెటర్ కూడా వెతకండి. ఒప్పందంలో లేని 'శాశ్వతంగా', '99 ఏళ్లు' లాంటి మాట చాలాసార్లు ల్యాబ్ లెటర్‌లో దొరుకుతుంది. అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే. అది గట్టిగా ఉంటే మీకు మిగిలేది అదే చట్టం సెక్షన్ 57 ఒక్కటే, అంటే హక్కులు అమ్మేసినా కర్తకు మిగిలే నైతిక హక్కు. అక్కడ పాము బాగోలేదంటే చాలదు, మార్పు వల్ల మీ నాన్నగారి గౌరవానికి, పేరుకు భంగం కలిగిందని రుజువు చేయాలి. అది కష్టం.

ఇన్నాళ్లు నోటీసు కూడా ఇవ్వకుండా ఎలా కూర్చున్నారు? నష్టపరిహారం దావాకు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లే గడువు. రీరిలీజ్ మొదటి రోజు లెక్కన మీకు ఎనిమిది నెలలున్నాయి. ఆలస్యం వల్ల తాత్కాలిక ఇంజంక్షన్ (ప్రదర్శన ఆపమనే ఉత్తర్వు) దొరికే అవకాశం ఇప్పటికే బలహీనపడింది. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే కమర్షియల్ కోర్టుకు (వ్యాపార వివాదాలు చూసే కోర్టు) వెళ్లే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అందులో గడిచిన కాలాన్ని గడువులో లెక్కించరు.

ఈ వారమే సెన్సార్ సర్టిఫికెట్ నకలుకు దరఖాస్తు పెట్టండి. నిర్మాత పేరు, సినిమా నిడివి అందులో ఉంటాయి. పాత వీసీడీ, కొత్త ప్రింటు పక్కపక్కన పెట్టి మారిన ప్రతి షాటునూ నిమిషం, సెకనుతో పట్టిక రాయండి. ఈ వీడియో ఫైళ్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) ఉండాలి. దాని రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. అమ్మగారు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లనీ వాదులుగా చేర్చండి. ఒరిజినల్ ఒప్పందం హాజరుపరచమని ఆ సంస్థకు లాయరు ద్వారా నోటీసు ఇప్పించండి. ఆ నోటీసు ఇచ్చాకే మీ జిరాక్స్‌ను కోర్టు సాక్ష్యంగా చూస్తుంది.