సైకిలుపై సర్ఫ్ బోర్డు: కాకినాడ నుంచి నరసాపురం వరకు

కాకినాడ నుంచి నరసాపురం దాకా సైకిళ్లపై సర్ఫ్ బోర్డులు (కెరటాలపై నిలబడి జారే పలకలు), గుడారం, వంటసామాను వేసుకుని తీరం వెంబడి వెళ్లవచ్చా, బోర్డు ఏ వైపు కట్టాలి, ఏ నెలలో బయలుదేరాలి అని అడిగారు. నేనూ, మా తమ్ముడూ జనవరిలో ఇదే దారిలో ఐదు రోజులు ప్రయాణించాం. నిశ్చింతగా వెళ్లవచ్చు, అయితే ఈ ప్రయాణంలో బరువు కంటే గాలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ముందు దారి సంగతి. కోరింగ మడ అడవులు, గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల ముఖద్వారాలు అడ్డు వస్తాయి కాబట్టి ఇసుక పక్కనే సాగిపోయే దారి డెల్టాలో లేదు. 216 జాతీయ రహదారిపై యానాం, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా సాగుతూ, ఓడలరేవు, అంతర్వేది వంటి చోట్ల సముద్రం వైపు తిరగాలి.

మేము చేసిన పెద్ద పొరపాటు యానాం–ఎదుర్లంక వంతెనను మిట్టమధ్యాహ్నం ఎక్కడం. లారీలకు దూరంగా ఉంటుందని బోర్డును ఎడమవైపు కట్టాను. పొద్దెక్కాక సముద్రపు గాలి కూడా ఎడమవైపు నుంచే వీచి, ఆరున్నర అడుగుల బోర్డును తెరచాపలా పట్టుకుని, సైకిలును సరిగ్గా లారీల వైపే నెట్టింది. ఒక్కో లారీ దాటినప్పుడల్లా హ్యాండిలు చేతుల్లో మెలిదిరుగుతుంటే, సగం దూరంలో దిగిపోయి రెయిలింగు పక్కన నడిపించుకుంటూ గట్టెక్కాం. అయినా బోర్డు ఎడమవైపే ఉండాలని నా అభిప్రాయం. వంతెనలను మాత్రం ఉదయం ఎనిమిదిలోపే దాటండి. బోడసకుర్రు–పాశర్లపూడి వంతెనను అలా దాటినప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు.

కట్టే పద్ధతిని ముమ్మిడివరంలో సైకిలు షాపు పెద్దాయన సరిదిద్దారు. కొబ్బరి గెలలు మోసే సైకిళ్లకు బరువంతా ఇరుసు దగ్గరే వేలాడుతుందని చూపించి, బోర్డును పట్టి ఉంచే రెండు ఇనుప కొక్కేలను జానెడు కిందికి దింపి, పాత ట్యూబును పట్టీలుగా కోసి వాటితో బిగించారు. ఫిన్‌లు (బోర్డు అడుగున ఉండే చిన్న రెక్కలు) విప్పి సంచిలో పెట్టుకోండి, బోర్డు మొన హ్యాండిలును దాటనివ్వకండి. ఎదురు బరువుగా కుడివైపు నీళ్ల డబ్బాలు కట్టాం కానీ, తాగేకొద్దీ సైకిలు ఎడమకు ఒరగసాగింది. అందుకే మర్నాటి నుంచి బియ్యం, స్టవ్వు కుడివైపుకు మార్చాం. తీరప్రాంతపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి గనుక తాగునీరు ఊళ్లోనే నింపుకోండి.

కెరటాల విషయంలో ఆశ తగ్గించుకోక తప్పదు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డు ఉండడం వల్ల కాకినాడ అఖాతంలో సముద్రం చెరువులా ఉంటుంది. ఉప్పాడ వైపు తీరం కోత ఆపడానికి వేసిన బండరాళ్లు ప్రమాదకరం. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు పెద్దవే కానీ, ఎదురుగాలిలో, వానలో ఈ బరువుతో తొక్కడం నరకం. జనవరిలో దారి హాయిగా ఉంటుంది, కెరటాలు చిన్నవి. కాబట్టి పొట్టి బోర్డుకు బదులు మెత్తటి ఫోమ్ బోర్డు తీసుకెళ్లండి. అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసేచోట, ముఖ్యంగా పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయంలో, దయచేసి నీటిలోకి దిగకండి. మమ్మల్ని అక్కడ వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులే వారించారు, వారు చూపించిన చోట దిగడం వల్లనే క్షేమంగా ఉన్నాం.

గుడారం సరుగుడు తోటల అంచున, ఊరివారిని అడిగి వేసుకోండి. రాలిన ఆకులు క్షణంలో అంటుకుంటాయి గనుక మంట పెట్టవద్దు. జనవరి ప్రాంతంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి కాబట్టి రాత్రి ఇసుక మీదకు టార్చి వేయకండి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో స్వామివారి రథోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో సైకిలు కదలడానికి చోటుండదు.

సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ నది దాటించే పడవ) ఎక్కితే అవతలి ఒడ్డే నరసాపురం. ఎక్కే ముందే బోర్డు విప్పి చేత్తో పట్టుకోండి, మోటారు సైకిళ్ల మధ్య అది తగలకుండా నిలబడటం సులువవుతుంది. పంటు నడవకపోతే దిండి–చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి చేరుకోవచ్చు.