జాజికాయ దీవి గ్రెనేడా: మీ ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో గ్రెనేడా దేశాన్ని క్లుప్తంగా పరిచయం చేశాం. వెనిజులాకు ఉత్తరాన, కరీబియన్ సముద్రపు అంచున ఉన్న దేశమది. పెద్ద దీవి గ్రెనేడా, దానికి ఉత్తరాన కారియాకూ, పెటీ మార్టినీక్ అనే చిన్న దీవులు. అన్నీ కలిపి 344 చదరపు కిలోమీటర్లు, జనం లక్షకు కొంచెం పైన. రాజధాని సెయింట్ జార్జెస్. ఆ పరిచయం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: గ్రెనేడా, గ్రనాడా ఒకటేనా?

జ: కాదు. గ్రనాడా స్పెయిన్‌లో ఉన్న నగరం, అల్హంబ్రా కోట ఉన్నది అక్కడే. మనం చెప్పుకుంటున్న దేశం గ్రెనేడా, ‘నే’ దగ్గర సాగదీసి పలకాలి. ఇంగ్లిషులో రాస్తే రెండింటికీ ఒక్క అక్షరమే తేడా. టికెట్టు కొనేటప్పుడు ఊరి పేరును నమ్ముకోకుండా విమానాశ్రయం కోడ్ చూసుకోండి. దేశానిది జి.ఎన్.డి., స్పెయిన్ నగరానిది జి.ఆర్.ఎక్స్. ఈ పొరపాటుతో అట్లాంటిక్ అవతలి ఒడ్డున దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు.

ప్ర: వెళ్లాలంటే ఏమేం చూసుకోవాలి? అక్కడ ఏ డబ్బు చెల్లుతుంది?

జ: చిక్కంతా దారిలోనే. భారత్ నుంచి నేరుగా విమానం లేదు. మయామి, న్యూయార్క్, టొరంటో, లండన్‌లలో ఏదో ఒకచోట మారాలి. అమెరికా మీదుగా వెళ్తే విమానాశ్రయం గడప దాటకపోయినా అమెరికా వీసా ఉండి తీరాలి. టికెట్టు కొన్నాక ఈ సంగతి తెలిస్తే డబ్బు పోయినట్టే. కాబట్టి ముందు దారి ఖాయం చేసుకుని, ఆ దారిలోని దేశాల వీసాలు తెచ్చుకుని, ఆఖర్న టికెట్టు కొనండి.

చెల్లేది తూర్పు కరీబియన్ డాలర్. 1976 నుంచీ ఒక అమెరికన్ డాలర్‌కు 2.70 చొప్పున మారకం కదలకుండా ఉంది. అమెరికన్ డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు గానీ చిల్లర స్థానిక డబ్బులోనే ఇస్తారు. ‘డాలర్’ అని ఎవరైనా ధర చెబితే ఏ డాలరో అప్పుడే అడిగేయండి. కరెంటు 230 వోల్టులు, ప్లగ్గు బ్రిటిష్ తరహా మూడు పలకల పిన్నులది. మిలిటరీ మచ్చల బట్టలు పిల్లలకైనా సరే వేయకూడదు, అక్కడ అది నేరం.

ప్ర: జెండా మీద జాజికాయ ఎందుకుంది?

జ: ఆ దేశానికి అన్నం పెట్టిన పంట కాబట్టి. 1974 ఫిబ్రవరి 7న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎగరేసిన జెండాలో, కర్ర వైపున్న ఆకుపచ్చ త్రికోణంలో పగిలిన జాజిపండు కనిపిస్తుంది. జాజి పుట్టిల్లు ఇండోనేషియాలోని బందా దీవులు. పందొమ్మిదో శతాబ్దం నడుమ గ్రెనేడాకు చేరి, అగ్నిపర్వతపు మట్టిలో, కొండవాలు తేమలో నిలదొక్కుకుంది. 2004కు ముందు ఎగుమతిలో ఇండోనేషియా తర్వాతి స్థానం ఈ చిన్న దేశానిదే.

కాయ వెనక పని ఎంతుందో చెప్పుకోవాలి. పండు పసుపు రంగుకు తిరిగి, నిలువునా విచ్చుకుని, గింజ నేలమీద పడుతుంది. దాన్ని ఏ రోజుది ఆ రోజు ఏరాలి. తడినేల మీద ఉండిపోతే బూజు పడుతుంది. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అలాంటి సరుకును ఐరోపా రేవుల్లో తిప్పి పంపేస్తారు. గింజను చుట్టుకుని నెత్తురు రంగులో వలలా ఉండేదే జాపత్రి. దాన్ని చిరగకుండా చేత్తో వలిచి, చదును చేసి ఆరబెడతారు. నెలల తరబడి చీకటి గదిలో మాగాక అది నారింజ, ఆపై లేత పసుపు రంగుకు దిగుతుంది.

గింజను మాత్రం పెంకుతోనే ఆరబెడతారు. గ్వావ్ అనే పల్లెకారుల ఊళ్లో సహకార సంఘం నడిపే జాజి స్టేషన్ ఉంది. లోపల అరలు అరలుగా చెక్క పళ్లేలు, వాటి నిండా గింజలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు అలా ఉంచి, చెక్క పారలతో తిరగేస్తూ ఉంటారు. ఎండిన గింజను చెవి దగ్గర ఊపితే లోపల పప్పు గలగలలాడుతుంది. పప్పు కుంచించుకుని పెంకును వదిలేసిందని దానర్థం. అంతకుముందే పగలగొడితే పప్పు చితికిపోతుంది. పగలగొట్టాక పప్పును నీళ్లలో వేస్తారు. మునిగినది గట్టి పప్పు, మసాలా సరుకుగా వెళ్తుంది. తేలినదాంట్లో పురుగో డొల్లతనమో ఉంటుంది, అది నూనె తీయడానికి పోతుంది. పెంకులు కూడా పారేయరు, తోటల్లో నడిచే బాటల మీద పరుస్తారు. పండు పైకండతో జామ్, సిరప్ చేస్తారు.

ప్ర: 2004 తుఫానులో తోటలు పోయాయన్నారు. ఇరవై ఏళ్లయినా ఎందుకు కోలుకోలేదు?

జ: 2004 సెప్టెంబర్ 7న ఐవన్ తుఫాను దీవిని తాకింది. 39 మంది చనిపోయారు, పదింట తొమ్మిది ఇళ్లు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడు జూలైలో ఎమిలీ వచ్చి, మిగిలినవాటిలో కొన్నింటిని పడగొట్టింది. జాజిచెట్టు వేళ్లు పైపైనే పాకుతాయి, గాలికి చెట్టు కూకటివేళ్లతో లేచిపోతుంది.

తిరిగి నాటితే సరిపోదా అనిపిస్తుంది. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే జాజిలోనూ మగచెట్లు, ఆడచెట్లు వేరు. గింజ నాటి మొలిపించిన మొక్కల్లో దాదాపు సగం మగవే. ఏది ఏదో పూత వచ్చేదాకా తెలియదు, పూతకు ఆరేడేళ్లు పడుతుంది. పది ఆడచెట్లకు ఒక మగచెట్టు చాలు కాబట్టి మిగతా మగచెట్లను ఏడేళ్లు సాకి నరికేయాల్సి వస్తుంది. ఆడచెట్టు కొమ్మతో అంటు కడితే ఈ తిప్పలు తప్పుతాయి గానీ జాజి అంటు అంత సులువుగా పట్టదు. నిండు కాపుకు పదిహేను, ఇరవై ఏళ్లు. అరవై దాటిన రైతు కాపు చూస్తానన్న నమ్మకం లేక మూడు నాలుగేళ్లలో కాసే కోకోకు మళ్లాడు. మా దృష్టిలో అది సరైన లెక్కే. చెట్టు దగ్గరే గింజ పులియబెట్టి, ఎండబెట్టి, అక్కడే బిళ్లగా పోసే గ్రెనేడా చాక్లెట్‌కు ఇప్పుడు మంచి పేరుంది. ఎండలో పరిచిన కోకో గింజల మధ్య కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి వాటిని తిరగేసే పనిని అక్కడ ‘కోకో నడక’ అంటారు.

ప్ర: మళ్లీ తుఫాను వస్తే తట్టుకోగలరా?

జ: వచ్చింది కూడా. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గంటకు 240 కిలోమీటర్ల గాలితో కారియాకూ మీద తీరం దాటింది. అక్కడా, పెటీ మార్టినీక్‌లోనూ కట్టడాల్లో నూటికి తొంభై దెబ్బతిన్నాయి.

ఇంట్లో ముందు పోయేది పైకప్పు. గాలి చూరు కింద దూరి కప్పును పైకి లేపుతుంది, పైనుంచి పారే గాలి కూడా దాన్ని పైకే లాగుతుంది. అందుకే అక్కడి నిర్మాణ సూచనలు నాలుగు వైపులా వాలిన కప్పు వేయమంటాయి. వాలు ఇరవై డిగ్రీలకు తగ్గకూడదు, చూరు ఒకటిన్నర అడుగుకు మించకూడదు, రేకులకు మేకులు కాకుండా స్క్రూలు వాడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది దూలాన్నీ గోడనీ కలిపి బిగించే ఇనుప పట్టీ. దీని ఖర్చు తక్కువే, బయటికి కనిపించదు కాబట్టి వదిలేస్తారు. అది లేకపోతే కప్పు మొత్తం ఒక్క ముక్కగా ఎగిరిపోతుంది.

అప్పుల విషయంలో మాత్రం గ్రెనేడా చాలా ముందుచూపు చూపించింది. 2015లో అప్పులను తిరగరాసుకున్నప్పుడు బాండ్లలో ‘తుఫాను షరతు’ పెట్టించుకుంది. పెద్ద తుఫాను తాకితే కొంతకాలం వాయిదాలు ఆపుకోవచ్చని దాని సారం. బెరిల్ తర్వాత ఆ షరతును వాడుకుంది, అలా వాడుకున్న మొదటి దేశం అదే. ఇల్లు కూలిన నెలలో వాయిదా కట్టమనడం ఏం న్యాయం? చిన్న దేశాలన్నిటికీ ఈ షరతు దక్కాలి.

ప్ర: 1983లో అమెరికా అక్కడికి సైన్యాన్ని ఎందుకు పంపింది?

జ: 1979 మార్చి 13న మారిస్ బిషప్ నాయకత్వంలో న్యూ జ్యువెల్ మూవ్‌మెంట్ అనే వామపక్ష పార్టీ, దేశ తొలి ప్రధాని ఎరిక్ గేరీని దించేసి అధికారం తీసుకుంది. రక్తపాతం పెద్దగా లేదు. క్యూబా సాయంతో పాయింట్ సలైన్స్ దగ్గర పొడవైన రన్‌వే కట్టడం మొదలుపెట్టారు. పర్యాటకుల కోసమని గ్రెనేడా అంది, సైనిక విమానాల కోసమని అమెరికా అధ్యక్షుడు రేగన్ ప్రభుత్వం అంది. ఇంతలో పార్టీలోనే చీలిక వచ్చింది. 1983 అక్టోబర్ 19న సెయింట్ జార్జెస్ కోటలో బిషప్‌నూ ఆయన సహచరులనూ కాల్చి చంపారు. ఆరు రోజులకు, అక్టోబర్ 25న అమెరికా సైన్యం దిగింది. అక్కడి వైద్య కళాశాలలో చదువుతున్న అమెరికన్ విద్యార్థుల రక్షణ కోసమన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. పొరపాటున బాంబులు పడి మానసిక వైద్యశాలలో రోగులు చనిపోయారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 108–9 ఓట్లతో ఆ చర్యను తప్పుపట్టింది.

దీవిలో మాత్రం అభిప్రాయం ఇప్పటికీ ఒకటి కాదు. అక్టోబర్ 25 అక్కడ ‘థాంక్స్‌గివింగ్’ సెలవు రోజు. అదే దేశం 2009లో ఆ రన్‌వే ఉన్న విమానాశ్రయానికి మారిస్ బిషప్ పేరు పెట్టుకుంది. ఆయన మృతదేహం నేటికీ దొరకలేదు.

ప్ర: సముద్రం అడుగున అగ్నిపర్వతం ఉందట, పడవలకు ప్రమాదమా?

జ: ఉంది, పేరు కిక్ ఎమ్ జెన్నీ. పెద్ద దీవికి ఉత్తరాన సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మొదటిసారి నమోదైన విస్ఫోటనం 1939లో. లావా పైకి రాకపోయినా ప్రమాదమే. అడుగునుంచి వాయువు బుడగలు విపరీతంగా లేస్తే నీటి సాంద్రత తగ్గిపోయి పడవ తేలలేదు. అందుకే మామూలు రోజుల్లో 1.5 కిలోమీటర్లు, చురుగ్గా ఉన్నప్పుడు 5 కిలోమీటర్ల పరిధిలోకి పడవలను పోనివ్వరు. కారియాకూ ఫెర్రీలు దాన్ని చుట్టి వెళ్తాయి.

ప్ర: మనవాళ్లు అక్కడ ఉన్నారా?

జ: 1857 మే 1న ‘మెయిడ్‌స్టోన్’ ఓడ మొదటి భారతీయ కూలీలను దించింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల సంతతి నూటికి ఇద్దరు. భాషలు నిలవలేదు, రోటీ మాత్రం ఊరందరి తిండి అయింది.

ప్ర: గ్రెనేడా పాస్‌పోర్టు కొంటే అమెరికా వెళ్లొచ్చని ప్రకటనలు వస్తున్నాయి. నిజమా?

జ: సగమే చెబుతున్నారు. పెట్టుబడికి పౌరసత్వమిచ్చే పథకం 2013 నుంచి ఉంది. 2024 జూలైలో విరాళం రేటు 2,35,000 అమెరికన్ డాలర్లకు పెంచారు, విచారణ రుసుములు అదనం. గ్రెనేడా పౌరులు అమెరికా ఈ-2 వ్యాపార వీసా అడగొచ్చన్నది కూడా నిజమే. అయితే 2022 డిసెంబర్‌లో అమెరికా చట్టం మార్చింది. పెట్టుబడితో పౌరసత్వం తెచ్చుకున్నవారు ముందు కనీసం మూడేళ్లు గ్రెనేడాలో స్థిరనివాసం ఉండాలి. ఇంకొకటి, వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. ఈ రెండూ చెప్పని ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి.

ప్ర: వాళ్ల జాతీయ వంటకం ‘ఆయిల్ డౌన్’ ఎలా చేస్తారు?

జ: ఆరుగురికి లెక్క ఇది. ఒక పెద్ద సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్) కాయ, అరకిలో ఉప్పుమాంసం, రెండు కొబ్బరికాయల పాలు (నాలుగు కప్పులు), నాలుగు పచ్చి అరటికాయలు, పది చేమాకులు, చెంచా పసుపు, ఉల్లి, వెల్లుల్లి, థైమ్ అనే సువాసన ఆకు, ఒక పచ్చిమిరపకాయ, రెండు కప్పుల గోధుమపిండి. సీమపనస ముదిరి ఉండాలి, పండకూడదు. తొక్క మీద పాలచుక్కలు ఎండి మచ్చలు కట్టినది సరైనది. పండితే గుజ్జయిపోతుంది.

మాంసాన్ని రాత్రంతా నానబెట్టి, ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి, లేకపోతే ఉప్పు తినలేం. కుండలో అడుగున మాంసం, పైన సీమపనస ముక్కలు, అరటి, ఉల్లి, వెల్లుల్లి, థైమ్, మిరపకాయ చిదమకుండా, అందులో పసుపు కలిపిన కొబ్బరిపాలు. దాని మీద గోధుమపిండితో వేలంత పొడుగు చేసిన ముద్దలు, ఆపైన మూతలా చేమాకులు. మూత పెట్టి సన్నసెగ మీద ముప్పావుగంట నుంచి గంటదాకా ఉంచాలి. గరిటె పెట్టకూడదు, పెడితే వరసలు కలిసి ముద్దవుతుంది. ఆకు సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది, తొందరపడొద్దు. పాలన్నీ ఇంకి, అడుగున కొబ్బరినూనె తేలి చిటపటమనే చప్పుడు వినిపించినప్పుడు దించండి.