గుడ్డ టాపు తీసేసి ఫైబర్ టాపు వేయించాలా?

ప్రశ్న: నాకు విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర 24 అడుగుల ఫైబర్ బోటు ఉందండీ. లైసెన్సుతో టూరిస్టులను తిప్పుతాను. ఏడాదికి 170 రోజులు, రోజుకు మూడు ట్రిప్పులు పడతాయి. పెట్రోలు, కుర్రాడి కూలి, జెట్టీ ఖర్చులు పోను ట్రిప్పుకు 700 మిగులుతుంది. ఇప్పుడు పైపుల ఫ్రేము మీద గుడ్డ టాపు ఉంది. ఏడాదిన్నరకోసారి చిరిగిపోతోంది. మార్చిన ప్రతిసారీ 14 వేలు, మధ్యలో కుట్లకు ఏడాదికి 2 వేలు. స్టీలు ఫ్రేముతో ఫైబర్ టాపు 1,85,000కు చేసి ఇస్తానని ఒకాయన కొటేషన్ ఇచ్చాడు. బరువు 90 కేజీలు ఉంటుందట. పన్నెండేళ్లు ఢోకా లేదంటున్నాడు, పైగా ట్యాక్సు కూడా కలిసొస్తుందట. బ్యాంకులో 2,10,000 ఎఫ్‌డీ ఉంది, అది పాప ఇంజినీరింగ్ హాస్టలు కోసం దాచింది. ఎఫ్‌డీ తీయాలా, మా ఆవిడ బంగారం పెట్టాలా, రెండు రూపాయల వడ్డీకి తేవాలా? ఎండకి మధ్యాహ్నం జనం ఎక్కడం లేదు. నాకూ సాయంత్రమయ్యేసరికి కళ్లు మండిపోతున్నాయి.

జవాబు: మీరు ఆఖర్న ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట దగ్గరే మొదలుపెడతాను. ఏళ్ల తరబడి ఎండ, ఉప్పుగాలి, నీళ్ల మీద నుంచి ఎగదన్నే వెలుగు పడితే కంట్లో కండ పెరగొచ్చు. రోజంతా ఎండలో పనిచేసే వాళ్లకు ఇది తరచూ వచ్చే ఇబ్బందే. ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించుకోండి. అంచున్న టోపీ, ఎండలోని హానికర కిరణాలను (యూవీ) ఆపే కళ్లద్దాలు కొనుక్కోండి. దీనికి ఫైబర్ టాపు వచ్చేదాకా ఆగొద్దు. టాపు నెత్తిన పడే ఎండను ఆపుతుంది గానీ కింద నీళ్ల మీంచి కళ్లలోకి కొట్టే వెలుగును ఏ టాపూ ఆపదు.

ఇక డబ్బు సంగతి. గుడ్డ ఏడాదిన్నరకు 14 వేలంటే ఏడాదికి సుమారు 9,300. కుట్లు కలిపితే 11,300. ఇప్పుడు ఆ 1,85,000ను 6.5 శాతం వడ్డీకి ఎఫ్‌డీలో వేశారనుకోండి. ఏడాదికి 12,025 వస్తుంది. అంటే ఫైబర్ టాపుకు పెట్టే డబ్బును కదపకుండా ఉంచితే, దాని వడ్డీతోనే ఏటా గుడ్డ ఖర్చు వెళ్లిపోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. గుడ్డ ధర, కూలి ఏటా పెరుగుతాయి నిజమే. ఆ పెరుగుదల కలిపి చూసినా, గుడ్డ ఖర్చు తప్పుతుందన్న ఒక్క కారణంతో ఈ టాపు గిట్టుబాటు కాదు. ‘మాటిమాటికీ గుడ్డ మార్చే బదులు ఒకేసారి పెట్టేస్తే పీడా పోతుంది’ అన్న మాట వినడానికి బాగుంటుంది, కాగితం మీద పెడితే నిలబడదు.

కాబట్టి ఈ టాపు తన ఖర్చును తాను సంపాదించుకోగలదా అన్నదే చూడాలి. పన్నెండేళ్లు మన్నుతుందన్న మాటే నమ్ముదాం. 1,85,000ను పన్నెండేళ్లకు పంచితే ఏడాదికి అరుగుదల 15,400. పోగొట్టుకునే వడ్డీ 12,000. ఫైబరుకు పాలిష్, పగుళ్ల మరమ్మతు, బోల్టుల మార్పిడి ఉంటాయి, ఏడాదికి 3 వేలు వేసుకుందాం. మొత్తం 30,400. ఇందులో గుడ్డ ఖర్చు 11,300 తగ్గుతుంది కనుక తీసేస్తే 19,100. ట్రిప్పుకు మీకు మిగిలేది 700 కాబట్టి, టాపు వల్లనే ఏడాదికి 28 ట్రిప్పులు అదనంగా రావాలి. అప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు. 29వ ట్రిప్పు నుంచే మీకు మిగులు.

170 రోజుల్లో 28 ట్రిప్పులు పెద్ద లెక్క కాదు, వచ్చినా రావచ్చు. కానీ ‘జనం ఎక్కడం లేదు’ అన్న మాట మీద నేను 1,85,000 పెట్టించలేను. ఈ సీజనంతా ఒక చిన్న నోట్‌బుక్ బోటులో పెట్టుకోండి. మధ్యాహ్నం 11 నుంచి 3 లోపు వచ్చి అడిగి వెళ్లిపోయిన ప్రతి బేరానికీ ఒక గీత గీయండి. పక్కనే ఎందుకు వెళ్లిపోయారో ఒక్క మాట రాయండి. ఎండా, రేటా, సముద్రం ఊగుతోందనా, పిల్లలు భయపడ్డారా? ఈ చివరి రెండూ ముఖ్యం. పొద్దెక్కే కొద్దీ మన తీరాన సముద్రపు గాలి పెరుగుతుంది. తెల్లవారి అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి అలలు తేలతాయి. ఆ అలలు చూసి వెనక్కి తగ్గినవాళ్లు, మీరు బోటుకు బంగారు టాపు వేయించినా ఎక్కరు.

మీ ఉత్తరం చదివాక ఒక ఆదివారం పొద్దున్నే హార్బరుకు వెళ్లి, కట్టి ఉన్న బోట్ల గుడ్డ టాపులు దగ్గరగా చూశాను. చిరిగిన చోట్లు దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి. గుడ్డ నడిమధ్యలో పోయినవి తక్కువ. తాడు దూర్చే ఇత్తడి కన్నాల చుట్టూ, కుట్టు వెంబడి, పైపుకు రాసుకునే అంచు దగ్గర పోయాయి. ఒకచోట దారాన్ని వేలితో లాగితే పిండిలా రాలిపోయింది, దాని కింద గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. ఎండకు ముందు చచ్చేది దారం. దారం పోయాక గుడ్డ గాలికి టపటపా కొట్టుకుని అదే చిరుగుతుంది. ఇంకో బోటు మీద ఇనుప పైపు తుప్పు పెచ్చులు లేచి, గుడ్డను ఆకురాయిలా కోసేస్తోంది. మీ టాపు ఏడాదిన్నరకే పోతోందంటే గుడ్డ అనే పదార్థం మీద నేరం మోపే ముందు ఈ రెండూ చూడండి.

అందుకని నా మొదటి సలహా ఈ సంవత్సరానికి మంచి గుడ్డే. టార్పాలిన్, మామూలు క్యాన్వాసు కాదు. బోట్ల కోసమే తయారయ్యే, ఎండకు రంగు దిగని మెరైన్ క్యాన్వాసు. యూవీ తట్టుకునే దారంతో కుట్టించి, పైపుకు ఆనే చోట రెండో పొర వేయించి, మధ్యలో సడలి ఊగకుండా బిగుతుగా కట్టించాలి. ఫ్రేములో తుప్పు పట్టిన పైపులు మార్పించాలి. అన్నీ కలిపి 35 వేలు దాటకుండా, ఐదేళ్లు వచ్చేలా చేయించగలిగితే ఏడాదికి 7 వేలు పడుతుంది. ఇప్పుడు మీరు పెడుతున్న 11,300 కంటే ఇదే తక్కువ. ట్రిప్పులు లేని రోజుల్లో గుడ్డ విప్పి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆరబెట్టి మడిచి పెడితే ఆ ఐదేళ్లు నిజంగా వస్తాయి.

విప్పి మడవడం అన్నాను కదా, విశాఖలో దాని విలువ ఇంకా ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు మా మేడ మీద షెడ్డు రేకులు లేచిపోయి రెండు వీధుల అవతల దొరికాయి. అప్పటి నుంచి గాలికి ఎదురు నిలిచే ఏ వస్తువు కొంటున్నా నాకు ఆ రేకులు గుర్తొస్తాయి. తుపాను హెచ్చరిక రాగానే గుడ్డ టాపును అరగంటలో విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. ఫైబర్ టాపు బోటు మీదే ఉంటుంది. గాలి దాని కింద దూరి పైకి లేపుతుంది, ఆ బలమంతా డెక్కులోకి దిగిన బోల్టుల మీద పడుతుంది. మన టూరిస్టు సీజను ఊపందుకునేది దసరా నుంచి, తుపాన్లు ఎక్కువగా వచ్చేదీ ఆ అక్టోబరు, నవంబరుల్లోనే.

90 కేజీల బరువు గురించీ మాట్లాడుకోవాలి. డెక్కు మీద ఒక మనిషి అదనంగా కూర్చుంటే బోటుకు పెద్ద తేడా ఉండదు. అదే బరువు తలపైన, ఆరేడు అడుగుల ఎత్తున, ఎప్పటికీ దిగకుండా ఉంటే వేరు. బోటు పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిలబడటం ఆలస్యమవుతుంది. జనమంతా డాల్ఫిన్ కనిపించిందని ఒకవైపుకు లేచినప్పుడు ఆ ఆలస్యమే ప్రమాదం. పైన గట్టి కప్పు కనిపిస్తే ఫొటో కోసం ఎవడో ఒక కుర్రాడు ఎక్కుతాడు కూడా. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన ప్రమాదం తర్వాత రాష్ట్రమంతా టూరిస్టు బోట్లు ఆపేసిన రోజులు మీకు నాకంటే బాగా తెలుసు. మీ బోటుకు ఫిట్‌నెస్ ఇచ్చింది ఇప్పుడున్న ఆకారం చూసి. టాపు మార్చే ముందే ఆ అధికారులకు రాతపూర్వకంగా తెలిపి, తనిఖీ చేయించుకుని, ఎంతమందిని ఎక్కించొచ్చో మళ్లీ రాయించుకోండి. ఒక సీటు తగ్గించమన్నారంటే పైన వేసిన 28 ట్రిప్పుల లెక్క మారిపోతుంది, అందుకే డబ్బు కట్టకముందే అడగాలి.

బోటు ఇన్సూరెన్సుదీ అదే దారి. మార్పు చేసే ముందే కంపెనీకి ఉత్తరం ఇచ్చి, బోటు విలువలో టాపు ఖరీదు కలిపించి, ఆ మార్పును పాలసీలో చేర్చినట్టు కాగితం (ఎండార్స్‌మెంటు) తీసుకోండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజున మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక ఏ డబ్బు అన్నది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1,85,000కు నెలకు 3,700. నెలకు ఐదు ట్రిప్పుల మిగులు పైచిలుకు వడ్డీకే పోతుంది, ఏడాదికి 44,400. దాదాపు నాలుగేళ్ల గుడ్డ ఖర్చు ఒక్క ఏడాది వడ్డీ కింద ఇచ్చేస్తారన్నమాట. ఆ తలుపు తట్టొద్దండి. బంగారం వడ్డీ అంతకంటే తక్కువే. కానీ జూన్ నుంచి సెప్టెంబరు వరకు సముద్రం బాగోక బోటు ఒడ్డున ఉండే ఇంట్లో, అత్యవసరానికి మిగిలిన ఆఖరి ఆసరా ఆవిడ బంగారమే. జ్వరానికి, ఇంజిను బాగుకు పనికిరావాల్సిన దాన్ని టాపుకు తాకట్టు పెట్టకండి. ఎఫ్‌డీ పాపది. హాస్టలు వాళ్లు డబ్బు అడిగే రోజు వాయిదా పడదు, టాపు ఎన్నాళ్లైనా ఆగుతుంది. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ట్యాక్సు కలిసొస్తుందన్న మాట మీకు వర్తించదు. మీలాంటి చిన్న వ్యాపారులు ఆదాయపు పన్నులో ఇన్నాళ్లుగా 44ఏడీ అని పిలుస్తున్న పద్ధతిలో, వచ్చిన మొత్తంలో 8 శాతం, డిజిటల్‌గా వచ్చిన దానిపై 6 శాతం కనీస లాభంగా చూపిస్తారు. అందులో అరుగుదల కూడా ఇచ్చేసినట్టే లెక్క. మళ్లీ టాపు పేరిట తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. మీ మిగులు ఏడాదికి మూడున్నర లక్షల చిల్లర. దాని మీద మీరు కట్టాల్సిన పన్నే లేనప్పుడు ఆదా అయ్యేదేముంది?

టాపు వద్దే వద్దని నేను అనడం లేదు. రోజంతా బోటు నడిపే మనిషికి గట్టి నీడ కావాలనిపించడం న్యాయమైన కోరిక. నోట్‌బుక్‌లో గీతలు 28 దాటి, కారణం ఎండేనని తేలితే వేయించుకోండి. దానికి డబ్బు ఇలా కూడబెట్టొచ్చు. మీ ఆదాయం నెల జీతం కాదు కనుక నెలవారీ ఆర్‌డీ కట్టమంటే వర్షాకాలంలో తప్పిపోతుంది. ట్రిప్పు దిగగానే 120 రూపాయలు వేరే డబ్బాలో వేయండి, వారానికోసారి వేరే ఖాతాలో కట్టండి. 510 ట్రిప్పులకు ఏడాదికి 61,200. మూడేళ్లలో 1,83,600, వడ్డీతో కలిపి కొటేషను దాటుతుంది. తొందరుంటే రెండేళ్లు దాచి, మిగతాది బ్యాంకులో ముద్ర రుణం అడగండి. 50 వేల లోపు శిశు, ఆ పైన 5 లక్షల వరకు కిశోర్. వ్యాపారం కోసమే ఇచ్చే అప్పు, తాకట్టు అడగరు.

ఆ డబ్బా నిండుతుండగా ఇంజినుకు ఏదైనా వచ్చిందంటే మాత్రం మొదటి హక్కు ఇంజినుదే. దాని వయసెంతో మీరు రాయలేదు. టాపు లేకపోతే మధ్యాహ్నం బేరం పోతుంది, ఇంజిను ఆగితే రోజంతా పోతుంది. మీకూ, మీ కుర్రాడికీ బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా లేకపోతే రేపే కట్టండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి.

వేయించే రోజు వచ్చినప్పుడు పని జూలై, ఆగస్టుల్లో పెట్టుకోండి, ఎలాగూ బోటు కదలని రోజులు. కొటేషన్ కాగితం మీద ‘స్టీలు ఫ్రేము’ అని ఉంటే చాలదు. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని, పైపు మందం ఎంతో, ఫైబరు మందం ఎంతో, మొత్తం బరువు ఎంతో రాయించండి. డెక్కు కింద ప్రతి బోల్టుకూ వెనకాల వెడల్పాటి పట్టీ వేస్తాడా, కన్నంలోకి నీళ్లు దిగకుండా సీలెంటు పెడతాడా అడగండి. అల్యూమినియం ముక్క ఎక్కడైనా వాడితే స్టీలుకు నేరుగా ఆనకూడదు, మధ్యలో నైలాను వాషరు ఉండాలి. ఉప్పునీళ్లలో ఆ రెండూ ఆనుకుంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. అడ్వాన్సు మూడో వంతు మించి ఇవ్వొద్దు. చివరి మూడో వంతు, జనాన్ని ఎక్కించకుండా మీరొక్కరూ ఒక గంట సముద్రంలో తిప్పి, బోటు మలుపులో ఎలా ఒరుగుతోందో చూసి వచ్చాకే చేతిలో పెట్టండి.