ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టు

అమ్మలూ,

నువ్వు ఫోటో తీసి పంపిన యూరప్ వీసా రిఫ్యూజల్ కాగితం, దానికి నువ్వు రాసుకున్న నాలుగు పేజీల అప్పీలు రెండూ చదివాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ఆ నాలుగు పేజీలు ఎవరికీ పంపకు. ఎంత కోపంలో రాశావో మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది. నేనూ ఒకసారి అదే పని చేశాను. నాకు వీసా కాదన్నప్పుడు నా ఉద్యోగం, హోదా, అంతకుముందు తిరిగొచ్చిన దేశాలు అన్నీ ఏకరువు పెట్టాను. వాళ్ల అనుమానమేమో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకే ఒక్క వరస మీద: దరఖాస్తుకి మూడు వారాల ముందు ఒకేసారి పడ్డ పెద్ద మొత్తం. అది గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్ డబ్బు. బ్యాంకు కాగితం ఒకటి జతచేస్తే పోయేదానికి, దాని ఊసే ఎత్తలేదు నేను. మళ్లీ కాదన్నారు. హోదా గురించి రాసిన పేజీన్నర గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నీ కాగితంలో రెండు గళ్లలో టిక్కు పెట్టారు. షెంగెన్ దేశాలన్నీ, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాలు, ఈ నమూనానే వాడతాయి. ప్రయాణ ఉద్దేశం, బస గురించి నువ్విచ్చిన సమాచారం నమ్మదగ్గట్టు లేదని ఒకటి. వీసా గడువులోపు వెనక్కి వెళ్తావో లేదోనని రెండోది. రెండోది చూసే కదా నీకు మండింది! తిట్టారనుకోకు. వెనక్కి రావడానికి నీకేముందో చూపించమంటున్నారు, అంతే.

నీ ఫైలు రెండుసార్లు తిరగేస్తే దొరికింది. హోటల్ బుకింగ్ 12 రాత్రులకి, ఆఫీసు ఉత్తరంలో సెలవు 9 రోజులు. చూసేవాళ్లకి లెక్క కుదరదు మరి. నువ్వు శనివారం బయల్దేరి, ఆ పై వారం గురువారం తిరుగు విమానం ఎక్కుతున్నావు. మొత్తం 13 రోజులు, అందులో శని ఆదివారాలు నాలుగు తీసేస్తే పనిదినాలు 9. లెక్క సరిగ్గానే ఉంది, ఎవరికీ చెప్పలేదంతే. అందుకే అప్పీలు చేయమంటున్నా. మన ఫైలే తప్పయితే కొత్తగా దరఖాస్తు పెట్టుకోమనేవాణ్ని.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. పైన దరఖాస్తు నంబరు, నిర్ణయం తేదీ. తర్వాత వాళ్లు టిక్కు పెట్టిన వాక్యాన్ని వాళ్ల మాటల్లోనే దించి, దాని కింద నీ జవాబు, జతచేసిన కాగితం నంబరు. రెండో గడికీ అంతే. ఆఫీసు నుంచి కొత్త ఉత్తరం తీసుకో, సెలవు మొదలు, ముగింపు, మళ్లీ డ్యూటీలో చేరే తేదీ మూడూ అందులో ఉండాలి. జీతం స్లిప్పులు, ఇంటి లోను కాగితాలు పెట్టు. అమ్మ నీ మీదే ఆధారపడి ఉందని ఊరికే రాయకు, ఆమె మందుల ఖర్చు నీ ఖాతాలోంచి వెళ్తున్నట్టు చూపించు.

ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ భాషలో పంపాలన్నది కాదన్న దేశం చట్టాన్ని బట్టి ఉంటుంది, షెంగెన్ అంతటికీ ఒకే గడువు లేదు. ఆ కాగితంలోనే అప్పీలు వివరాలుంటాయి, చూడు. వీసా సెంటర్ వాళ్లని అడిగి లాభం లేదు, వాళ్లు కాగితాలు తీసుకునేవాళ్లే. ఎప్పుడో వెళ్లొచ్చినవాళ్ల సలహాలూ నమ్మకు. నిర్ణయాన్ని మళ్లీ చూడమని ఎంబసీకే రాసుకునే వీలు (రిమాన్‌స్ట్రేషన్) జర్మనీ ఒకప్పుడు ఇచ్చేది, 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడక్కడ కోర్టుకెళ్లాలి, లేదా కొత్త దరఖాస్తు.

మీ అన్నయ్య అమెరికా సంగతీ అడిగాడు. అక్కడ 214(బి) కింద, అంటే తిరిగి వెళ్తావన్న నమ్మకం కుదరలేదనే సెక్షన్ కింద కాదంటే అప్పీలు లేదు, పరిస్థితి మారాక మళ్లీ దరఖాస్తే. బ్రిటన్ విజిటర్ వీసాకీ మామూలు అప్పీలు లేదు. ఏజెంటెవరైనా స్టేట్‌మెంటు 'తయారు చేసి' ఇస్తానంటే దగ్గరికి రానీయొద్దని వాడికి చెప్పు. అలాంటిది దొరికితే బ్రిటన్ 10 ఏళ్లు తలుపు మూసేస్తుంది.

అప్పీలు తేలేసరికి నీ టికెట్ తేదీ దాటిపోవచ్చు. ఈ సీజన్‌లోనే వెళ్లాలనుంటే అప్పీలు వదిలేసి ఇవే కాగితాలతో కొత్త దరఖాస్తు పెట్టు. ఒకసారి కాదన్నారని రెండోదాన్ని దానంతటదే కాదనకూడదని షెంగెన్ నియమం. కాకపోతే ఫీజు మళ్లీ కట్టాలి. ఇకముందు ఏ ఫారంలోనైనా 'ఎప్పుడైనా వీసా నిరాకరించారా' అని అడిగితే అవునని రాయాలి, దాచకు.

ఆ ఒక్క పేజీ రాశాక ముందు నాకు పంపు. 'అన్యాయం' అన్న మాట కనిపిస్తే నేనే కొట్టేస్తా.

మామయ్య