టెంటు కూడా ఆఫీసే, కానీ తేదీ ఏదమ్మా?

ప్రశ్న: నేను ట్రెక్ లీడర్‌ని. పర్వతారోహణ శిక్షణ పూర్తి చేసి, ఇంట్లో అందరినీ ఎదిరించి ఈ పనిలోకి వచ్చాను. మూడు సీజన్లుగా ఒక ట్రెకింగ్ కంపెనీకి బ్యాచ్‌కి ఇంత అని మాట్లాడుకుని ఫ్రీలాన్సర్‌గా చేస్తున్నాను. కిందటి డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్‌కి వెళ్ళినప్పుడు, పై క్యాంపులో రాత్రి మా సీనియర్ లీడర్ నా టెంటులోకి దూరి చెయ్యి పట్టుకుని మీదికి లాక్కున్నాడు. అరిచేసరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ‘నాతో సర్దుకుపోతే బ్యాచ్‌లన్నీ నీకే’ అని మెసేజ్‌లు పెట్టాడు. ఆపరేషన్స్ మేనేజర్‌కి చెబితే ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అన్నాడు. మేలో గట్టిగా అడిగేసరికి గ్రూపులోంచి తీసేశారు. పని లేదు, రెండు బ్యాచ్‌ల డబ్బులూ రాలేదు. ‘నువ్వు మా ఉద్యోగివే కాదు, ఆ చట్టం నీకు వర్తించదు’ అంటున్నారు. నా దగ్గర సాక్ష్యం కూడా లేదు. ఏప్రిల్ బ్యాచ్‌లో జరిగినట్టు రాస్తే గడువు సమస్య ఉండదని ఒక ఫ్రెండ్ అంటోంది. నాకు న్యాయం జరుగుతుందా? – ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రెండున్నర పేజీలు ఇంట్లో గొడవలు, శిక్షణలో పడ్డ కష్టాలు, బచేంద్రీ పాల్‌ని చూసి పెంచుకున్న కలలు. జరిగిన సంఘటనకి ఆరు లైన్లు ఇచ్చారు. ఆ ఆరు లైన్లలో తేదీ లేదు. మూడో పేజీ చివర బ్రాకెట్లో మాత్రం ‘జనవరి 19న ఆఖరి మెసేజ్’ అని రాశారు. మీ కేసు మొత్తం ఆ బ్రాకెట్లో ఉంది.

ముందు మీరు ఎక్కువగా భయపడుతున్న విషయం తేల్చేస్తాను, ఎందుకంటే అందులో భయపడాల్సింది లేదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ‘ఉద్యోగి’ అంటే నెల జీతం తీసుకునేవాళ్ళే కాదు. తాత్కాలికంగా, రోజుకూలికి, కాంట్రాక్టు మీద, ట్రైనీగా, చివరికి జీతం లేకుండా వాలంటీరుగా చేసేవాళ్ళు కూడా ఉద్యోగులే. పని పేరుతో వెళ్ళిన ప్రతి చోటూ పని ప్రదేశమే, కంపెనీ ఏర్పాటు చేసిన జీపుతో సహా. కాబట్టి మంచులో వేసిన ఆ టెంటు చట్టం కంటికి ఆఫీసే. మీ అగ్రిమెంటులో ఫ్రీలాన్సర్ అని ఎన్నిసార్లు రాసుకున్నా ఇది మారదు. ఆ మాట మీద ఇంక ఒక్క రాత్రి కూడా నిద్ర పాడుచేసుకోకండి.

నిద్ర పాడుచేసుకోవాల్సింది గడువు గురించి. చట్టంలోని సెక్షన్ 9 ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరిగితే ఆఖరి సంఘటన నుంచి లెక్క. మీ విషయంలో ఆఖరిది జనవరి 19 నాటి మెసేజ్. అంటే ఏప్రిల్ 19తో మొదటి గడువు అయిపోయింది. తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలల వరకు పొడిగించవచ్చు, అదీ కారణాలు కాగితం మీద నమోదు చేసి. ఆ లెక్కన జులై 19. ఆ తర్వాత పొడిగించే అధికారం ఆ కమిటీకి చట్టం ఇవ్వలేదు. మీ ఉత్తరం నాకు జూన్ మూడో వారంలో చేరింది. మీరు ఇది చదివే నాటికి మీ చేతిలో నెల రోజులు కూడా లేవు.

‘మేలోనే కదా గ్రూపులోంచి తీసేశారు, అప్పటినుంచి లెక్క వేసుకోవచ్చు కదా’ అని రాశారు. కుదరదు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకి సరిగ్గా ఇలాంటి వాదనే వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద చేసిన ఫిర్యాదు అది. ఆఖరి సంఘటన 2023 ఏప్రిల్‌లో, ఫిర్యాదు 2023 డిసెంబరులో. మధ్యలో ఆమెను ఒక పదవి నుంచి తప్పించారు కాబట్టి వేధింపు కొనసాగుతున్నట్టే అన్నారు. ఆ తొలగింపు పరిపాలనా చర్య, లైంగిక వేధింపు కొనసాగింపు కాదని కోర్టు తేల్చింది. ఫిర్యాదు గడువు దాటిపోయిందంది. ఆ తీర్పును వైస్ ఛాన్సలర్ బయోడేటాలో చేర్చాలని కూడా ఆదేశించింది, అది వేరే విషయం. కానీ విచారణ మాత్రం జరగలేదు. మీకూ అదే గతి పట్టకూడదంటే మే నెల సంగతి పక్కన పెట్టి జనవరి 19ని పట్టుకోండి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. ఏప్రిల్ బ్యాచ్‌లో జరిగినట్టు రాయడమనే ఆలోచన ఇప్పుడే మానుకోండి. ఆ దారిలో ప్రవేశించే ప్రతి బ్యాచ్‌కీ అటవీ శాఖ పర్మిట్ ఉంటుంది, లీడర్ల పేర్లతో కంపెనీ బ్యాచ్ లిస్టు ఉంటుంది. ఏప్రిల్‌లో మీ సీనియర్ లీడర్ అసలు ఆ ట్రెక్‌లో లేడని ఒక్క కాగితం తెచ్చి చూపించారంటే డిసెంబరులో నిజంగా జరిగింది కూడా అబద్ధం అయిపోతుంది. తెలిసీ తప్పుడు ఫిర్యాదు ఇచ్చినా, తప్పుదారి పట్టించే కాగితం పెట్టినా సెక్షన్ 14 కింద మీ మీదే చర్యకి సిఫారసు చేయవచ్చు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుని శిక్షించకూడదని అదే సెక్షన్ మిమ్మల్ని కాపాడుతోంది. ఆ రక్షణను ఒక్క తేదీ కోసం పోగొట్టుకుంటారా? ఇన్‌స్టాగ్రామ్‌లో అతని పేరు, ఫొటోతో రీల్ పెట్టడం కూడా ఇప్పుడు వద్దు. ఫిర్యాదు వివరాలు, పేర్లు బయటపెట్టకూడదని సెక్షన్ 16 చెబుతోంది. పైగా అతనికి పరువునష్టం కేసు వేసుకునే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది.

సాక్ష్యం లేదన్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మీ ఉత్తరంలోనే సాక్ష్యం ఉంది, మీరు దాన్ని ఏడుపు మధ్యలో పారేశారు. ‘ఆ రాత్రి వంటవాళ్ళ టెంటు దాకా పరిగెత్తాను, తర్వాత బ్యాచ్‌లోని ఇద్దరు అమ్మాయిల టెంటులో సర్దుకుని పడుకున్నాను, మూడింటికి లేచి చేతులు వణుకుతుంటే పద్నాలుగు మందిని సమ్మిట్‌కి తీసుకెళ్ళాను’ అని రాశారు. మీ దృష్టిలో అది మీ బాధ. నా దృష్టిలో ముగ్గురు సాక్షులు. మీరు ఏ స్థితిలో వచ్చారో చూసిన వంటమనిషి, టెంటులో చోటిచ్చిన ఇద్దరు అమ్మాయిలు. ‘అంత జరిగితే తెల్లారేసరికి సమ్మిట్‌కి ఎలా వెళ్ళావు?’ అని అవతలివాళ్ళు తప్పకుండా అడుగుతారు. చీకట్లో, మంచులో పద్నాలుగు మంది బాధ్యత మీ మీద ఉంది కాబట్టి వెళ్ళారు. ఫిర్యాదులో ఆ మాట మీరే ముందుగా రాయండి.

ఇంకొకటి. రోజూ సాయంత్రం క్యాంపులో అందరి వేలికీ ఆక్సీమీటర్ పెట్టి ఆక్సిజన్, పల్స్ రాసుకునే షీటు నేనే రాసేదాన్నని చెప్పారు. ఆ షీటు మీద తేదీ, క్యాంపు పేరు, లీడర్ల సంతకాలు ఉంటే, ఆ రాత్రి తాను అక్కడ లేనని అతను అనలేడు. మీ దగ్గర దాని ఫొటో ఉందేమో వెతకండి. లేకపోతే కంపెనీ నుంచి తెప్పించమని ఫిర్యాదులోనే కోరండి. కాగితాలు తెప్పించడంలో, సాక్షుల్ని పిలిపించడంలో ఆ కమిటీకి సివిల్ కోర్టుకి ఉన్న అధికారాలు ఉంటాయి. గ్రూపులోంచి తీసేసినా పాత చాట్ మీ ఫోన్‌లో ఉంటుంది. టెంట్లు ఎవరెవరికి ఇచ్చారో ఆ లిస్టు అందులోనే ఉండి ఉంటుంది. చిరాకుతో డిలీట్ చేయకండి.

ఇక ఆ ఫోన్ సంగతి. మెసేజ్‌లు వచ్చిన పాత ఫోన్ తమ్ముడికి ఇచ్చేశానని, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయని రాశారు. కొండ మీద తాడు ముడిని రెండుసార్లు చూసుకునే మనిషి కేసుకి ప్రాణమైన ఫోన్‌ని అలా ఎలా ఇచ్చేశారు? స్క్రీన్‌షాట్‌ని ఎవరైనా తయారు చేయగలరని అవతలివాళ్ళు అంటారు. కమిటీ ముందు స్క్రీన్‌షాట్లతో నెట్టుకురావచ్చేమో గానీ, క్రిమినల్ కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద, అది ఏ పరికరంలోంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోన్ చేతిలో ఉంటే మరీ మంచిది. ఇవాళే తమ్ముడికి ఫోన్ చేసి రీసెట్ చేయొద్దని చెప్పండి. ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అన్న మేనేజర్ వాయిస్ మెసేజ్ కూడా అందులోనే ఉంటే అది బంగారం. ఎందుకంటే ఆలస్యానికి మీరు చూపించాల్సిన కారణం అదే. మార్చి చివరి వరకు నెట్‌వర్క్ లేని క్యాంపుల్లో వరసగా బ్యాచ్‌లు చేయడం, పని పోతుందన్న భయం, మేనేజర్ ఇచ్చిన హామీ, ఈ మూడింటినీ తేదీలతో సహా ఒక పేజీలో విడిగా రాసి గడువు పొడిగింపు కోరండి. అది ఫిర్యాదుతో పాటే వెళ్ళాలి, తర్వాత కాదు.

ఫిర్యాదు ఎవరికి? పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. లేకపోతే యజమానికి యాభై వేల వరకు జరిమానా. ‘మా ఆఫీసులో ఆరుగురమే’ అని వాళ్ళు అంటారు. వంటవాళ్ళు, హెల్పర్లు, డ్రైవర్లు, మీలాంటి లీడర్లు అందరినీ కలిపి లెక్కపెట్టాలన్నది నా అభిప్రాయం, ఉద్యోగి నిర్వచనం అంత విశాలంగా ఉంది కాబట్టి. కానీ ఆ వాదన తేలేలోపు జులై 19 దాటిపోతుంది. అందుకని కంపెనీ అంతర్గత కమిటీకి ఈమెయిల్‌లో, స్పీడ్ పోస్టులో పంపండి. అదే రోజు జిల్లా స్థానిక కమిటీకి కూడా ఇవ్వండి, పది మంది లేని చోట్ల ఫిర్యాదులు వినేది అదే. సంతకం చేసిన ఫిర్యాదు ఆరు ప్రతులు, జత కాగితాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు. రసీదులు దాచుకోండి. విచారణలో మీ తరఫున లాయర్‌ని రానివ్వరు, నిబంధనలే ఒప్పుకోవు. కాబట్టి మీ కథ మీకే తేదీలవారీగా నోటికి రావాలి. సాక్షులకి మాత్రం ఏం చెప్పాలో నేర్పకండి. ‘మీ పేరు ఇస్తున్నాను’ అని చెబితే చాలు.

దీనితో పాటు పోలీసు దారి విడిగా ఉంది. టెంటులో జరిగింది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 74 (మహిళ గౌరవానికి భంగం కలిగించేలా బలప్రయోగం) కిందికి వస్తుంది, ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు శిక్ష. శిక్ష మూడేళ్ళు మించే నేరానికి చట్టంలో కాలపరిమితి లేదు. మెసేజ్‌లకి లైంగిక వేధింపు కింద సెక్షన్ 75. సంఘటన వేరే రాష్ట్రంలో జరిగినా, మీరున్న ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. అలాగని తీరిగ్గా వెళ్ళవచ్చని కాదు, ప్రతి వారం ఆలస్యానికీ అక్కడ సమాధానం చెప్పుకోవాల్సి ఉంటుంది.

మళ్ళీ అదే కంపెనీలో బ్యాచ్‌లు ఇప్పిస్తారా అని అడిగారు. ఆ ఆశ పెట్టుకోకండి. మే నెల సంగతి మీకు అక్కరకొచ్చేది నష్టపరిహారం దగ్గర. సెక్షన్ 15 ప్రకారం మానసిక వేదనతో పాటు వృత్తిలో కోల్పోయిన అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడు సీజన్లలో ఎన్ని బ్యాచ్‌లు చేశారో, బ్యాచ్‌కి ఎంత వచ్చిందో బ్యాంకు స్టేట్‌మెంటుతో పట్టిక వేసి జతచేయండి. రావాల్సిన రెండు బ్యాచ్‌ల డబ్బు మామూలు బాకీ, దానికి మూడేళ్ళ గడువుంది, నోటీసు తర్వాత ఇద్దాం.

ఆ బాకీ ఇస్తామంటూ కంపెనీవాళ్ళు పంపిన ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం చేయాలా అని చివర్లో అడిగారు. చేయొద్దు. ఈ చట్టంలో రాజీకి మీరు కోరుకుంటే వీలుంది గానీ, డబ్బు పుచ్చుకుని రాజీ అనేదాన్ని చట్టమే ఒప్పుకోదు. ఆ కాగితం చింపేయకండి, ఫిర్యాదుకి జతచేయండి. అది పంపిన తేదీ కూడా పక్కన రాయండి, మళ్ళీ బ్రాకెట్లో కాదు.