శరణార్థి అప్పీళ్ల లాయరు కావాలంటే...

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో అయిదేళ్ల లా కోర్సు, నాలుగో సంవత్సరం. మతం మారినందుకు సొంత దేశంలో ప్రాణభయం ఉందని బ్రిటన్‌లో ఆశ్రయం అడిగేవాళ్ల అప్పీళ్లు వాదిస్తానంటోంది. ఇందులో బతుకుతెరువు ఉందా? ఏం చదవాలి?

జవాబు: పనికి కొదవ లేదు, డబ్బు మాత్రం తక్కువ. ఎక్కువ కేసులకు ఫీజు ప్రభుత్వ లీగల్ ఎయిడ్ నుంచే వస్తుంది. కోర్సు సంగతికి ముందు ఆ పని ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలియాలి.

హోం ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) ఆశ్రయం దరఖాస్తును తిరస్కరిస్తే, దేశంలోనే ఉన్న మనిషి ఆ నిర్ణయం పంపిన 14 రోజుల్లో ఇలాంటి అప్పీళ్లను ముందుగా వినే ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కు అప్పీలు వేయాలి. నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి గడువు ఎప్పుడూ తిరస్కరణ లేఖలోనే చూసుకోవాలి. 2022 జూన్ 28 నుంచి దాఖలైన దరఖాస్తులకు పరీక్ష రెండంచెలు. ఆ మనిషి నిజంగా మతం మారాడా, భయపడుతున్నాడా అన్నది 'కాదనడం కన్నా అవుననడానికే ఎక్కువ అవకాశం' అనే స్థాయిలో తేలాలి. వెనక్కి పంపితే ప్రమాదం ఉందా అన్నదానికి అంతకంటే తక్కువ స్థాయి రుజువు చాలు. కేసులు ఎక్కువగా మొదటి అంచెలోనే పోతాయి.

ఎలా పోతాయంటే, ఇరాన్ నుంచి వచ్చి క్రైస్తవం తీసుకున్న మనిషి కేసు చూడండి. ఇంట్లో జరిగే ప్రార్థనపై దాడి '1401 దేయ్ 20న' జరిగిందని చెబుతాడు (దేయ్ ఇరాన్ క్యాలెండర్‌లో పదో నెల). ఇరాన్ సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి అది 2023 జనవరి 10. అనువాదకుడు అలవాటుగా 1401కి 621 కలిపి (జనవరి తేదీకి 622 కలపాలి) 2022 జనవరి అని రాస్తే, తర్వాతి ఇంటర్వ్యూలో సరైన తేదీ వస్తుంది. తిరస్కరణ లేఖలో అదే 'పొంతన లేని మాట' అయి కూర్చుంటుంది. క్యాలెండర్ పట్టిక పక్కన పెట్టుకుని ప్రతి తేదీనీ సరిచూసేవాళ్లే ఇక్కడ మంచి లాయర్లు.

ఇంకో తప్పు, చర్చి నుంచి ఒక ఉత్తరం తెచ్చి సరిపెట్టడం. పాస్టరు స్వయంగా వచ్చి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడితేనే ఆ సాక్ష్యానికి బరువు. ఆశ్రయం అడిగే మనిషి చర్చికి ఎప్పటి నుంచి వస్తున్నాడు, అక్కడ ఏ పని చేస్తాడు, బాప్తిస్మానికి ముందు ఎన్ని పాఠాలు విన్నాడు అన్నవి స్టేట్‌మెంట్‌లో ఉండాలి. ఇంటర్వ్యూలో బైబిలు ప్రశ్నలకు చెప్పే జవాబుల కంటే ఇవే నిలబడతాయి.

ఫస్ట్-టియర్‌లో ఓడితే దానిపైన అప్పర్ ట్రిబ్యునల్. దానికి అనుమతి కావాలి, అదీ న్యాయపరమైన పొరపాటు చూపిస్తేనే. 'జడ్జి నమ్మలేదు' అని రాస్తే అనుమతి రాదు. 'పాస్టరు సాక్ష్యాన్ని ఫలానా పేరాలో ప్రస్తావించి, ఎందుకు తోసిపుచ్చారో కారణం చెప్పలేదు' అని రాయాలి.

ఇక దారి. డిగ్రీ అయ్యాక ఇక్కడ అడ్వకేట్‌గా నమోదై, బార్ పరీక్ష పాసయితే విదేశీ లాయరుగా ఎస్‌క్యూఈ (ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్, అంటే అక్కడి లాయరు, కావడానికి రాసే పరీక్ష) రాయవచ్చు. అప్పుడు రెండేళ్ల పని అనుభవం షరతు ఉండదు. మొదటి భాగం 360 ప్రశ్నలు, ఇండియాలోని కేంద్రాల్లోనూ రాయొచ్చు. రెండో భాగంలో మౌఖిక పరీక్షలకు ఇంగ్లండ్ లేదా వేల్స్ వెళ్లక తప్పదు. సొలిసిటర్ కాకుండా ఇమ్మిగ్రేషన్ సలహాదారుగా నమోదవడం ఇంకో దారి. ఆశ్రయం కేసులకు లెవల్ 2, ట్రిబ్యునల్‌లో వాదించాలంటే లెవల్ 3. నమోదు లేకుండా సలహా ఇవ్వడం అక్కడ నేరం.

అసలు చిక్కు వీసా. ఉద్యోగం మీద వెళ్లే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చేరేవాళ్లకు కొంత సడలింపు ఉన్నా, చిన్న లీగల్ ఎయిడ్ ఆఫీసులు ఆ జీతం ఇవ్వడం, స్పాన్సర్ చేయడం కష్టం. అక్కడ ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) చేశాక ఉండి పనిచేయనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. అప్పు చేసి పంపేటట్టయితే ఈ లెక్క ముందు వేసుకోండి.

ఈ సెలవుల్లో ఖర్చులేని పని ఒకటుంది. అప్పర్ ట్రిబ్యునల్ తీర్పులు నెట్‌లో ఉచితం. ఇరాన్ మతమార్పిడి కేసులు అయిదు తీసుకుని, ఒక్కోదానికి తేదీల పట్టిక తయారుచేసి, కింది జడ్జి ఎక్కడ తప్పాడో రెండు వాక్యాల్లో రాయమనండి. మూడో తీర్పుకే విసుగొస్తే, ఫీజులు కట్టకముందే కంపెనీ లా వైపు మళ్లించవచ్చు.