ఫారం నుంచి తెచ్చిన కోళ్లకు ఒళ్లు పట్టకపోతే

మూడు వారాలుగా నూకలు, రాగులు కడుపునిండా తింటున్నా మీ కోళ్లు బక్కగానే ఉన్నాయంటే, నాకు నులిపురుగుల మీదే అనుమానం.

1. తాజా రెట్ట కవర్లో వేసుకుని పరీక్షకు దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి, తిరుపతి వాళ్లైతే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి. మందు, మోతాదు వాళ్లనే అడగండి, ఆ రోజుల్లో గుడ్లు తినొచ్చా అనేది కూడా.

2. అందరూ మరిచిపోయేది రెండో డోసు. మొదటిసారి లోపలి పురుగులు చచ్చినా రెట్టలో పడిన పురుగుల గుడ్లు నేలమీదే ఉంటాయి, కోడి గీరుకుంటూ మళ్లీ వాటినే తింటుంది, అందుకే డాక్టరు చెప్పిన తేదీకి తప్పకుండా మళ్లీ తాగించి గూట్లో పొట్టు మొత్తం మార్చేయండి.

3. నూకలు తగ్గించి లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) పెట్టండి, మాంసకృత్తులు 16-18 శాతం ఉండేది.

వారానికోసారి రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగలడం తగ్గి పక్కన కండ చేతికి తగులుతుంటే కోలుకుంటున్నట్టే.